పద్నాలుగో నంబరు అద్దం

హేమ్లాకు కారేపల్లి స్టేషన్ రోడ్డులో వెల్డింగ్ షాపు ఉండేది. తండాలో పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, ఖమ్మంలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని సొంతంగా నిలబడ్డ మనిషి. వయసు నలభై రెండు. చుట్టుపక్కల ఎవరి ట్రాక్టర్ ట్రాలీ విరిగినా, ఎవరికి కిటికీ గ్రిల్లు కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు.

2004 ఫిబ్రవరిలో ఖమ్మం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు ఆంథోని, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్. రెండోవారు స్తుతి, బీమా ఆఫీసులో క్లర్కు. ఆమె పుట్టిల్లు కారేపల్లే కాబట్టి హేమ్లా పనితనం ఆమెకు తెలుసు. వాళ్లకు టెలిస్కోపు నిలబెట్టడానికి ఇనుప స్టాండు కావాలి. ఉన్న స్టాండు గాలి వీస్తే ఊగుతోందట.

"ఏం చూస్తరు సార్ దాంతోని?" అని అడిగాడు హేమ్లా.

"చుక్కలు, గ్రహాలు. మాదొక సంఘం ఉంది. నెలకొకసారి మా డాబా మీద కలుస్తం. స్టాండు నువ్వే తీసుకొని రా, చూద్దువు గాని" అన్నాడు ఆంథోని.

మార్చి మొదటి ఆదివారం హేమ్లా స్టాండును పాసింజరు రైల్లో వేసుకుని ఖమ్మం వెళ్లాడు. డాబా మీద ఇరవై మంది దాకా ఉన్నారు. టీచర్లు, ఒక మందుల షాపాయన, ఒక టైలరు. పొద్దుగూకి చీకటి పడుతూనే టెలిస్కోపును శని వైపు తిప్పారు. స్టాండు చేసినవాడే ముందు చూడాలని అందరూ ఆయన్ని ముందుకు తోశారు.

హేమ్లా ఎడమ కన్ను మూసి, కుడి కన్ను గొట్టానికి ఆనించాడు. అంచుల్లో ఏదో వెలుగు తగిలింది. దాన్ని సూటిగా చూడబోతే మాయమైంది. కాస్త పక్కకు చూస్తే మళ్లీ తోచింది, మళ్లీ చూస్తే లేదు. వెనక జనం ఎదురుచూస్తున్నారు.

"కనబడ్డదా అన్నా?" అని అడిగింది స్తుతి.

"అవ్, కనబడ్డది."

"వలయం మస్తుగున్నది గదా?"

"మస్తుగున్నది" అన్నాడు హేమ్లా.

ఆ రోజే సభ్యత్వం ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. తిరుగు రైల్లో ఆయన ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని పెట్టెలోని బల్బు వైపు చూశాడు. బల్బు లేదు. దాని చుట్టూ ఉన్న వెలుగు మాత్రమే ఉంది. చెయ్యి తీస్తే బల్బు వచ్చింది. కారేపల్లి వచ్చేదాకా పదిసార్లు అట్లా చేసి చూశాడు. రెండు కళ్లతో బతుకుతున్నంత కాలం ఒకటి ఎప్పుడు పోయిందో తెలియనే లేదు.

ఆ సంగతి భార్య సోనికి చెప్పలేదు. కన్ను పోయిన వెల్డరు దగ్గరికి పని ఎవరు తెస్తారు?

కానీ సంఘానికి వెళ్లడం మానలేదు. ఆంథోని చెప్పే మాటలు వినడం ఆయనకు బాగా నచ్చింది. జూన్ ఎనిమిదిన శుక్రుడు సూర్యుడి ముందు నుంచి నల్లని చుక్కలాగా దాటిపోతాడనీ, ఇలాంటిది నూట ఇరవై రెండేళ్ల కింద జరిగిందనీ, ఇప్పుడు బతికున్నవాళ్లెవరూ దాన్ని చూసి ఉండరనీ చెప్పినప్పుడు హేమ్లా ఆ తేదీని షాపు గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. సూర్యుణ్ణి చూడాలంటే వెల్డింగ్ అద్దాల్లో అన్నిటికంటే నల్లనిది, పద్నాలుగో నంబరుదే పనికొస్తుంది. ఆ అద్దాలు తెప్పించే పనీ, కారేపల్లిలో జనానికి చూపించే పనీ ఆయనకే అప్పగించారు.

మే నెల మీటింగులో గురుగ్రహాన్ని చూపించారు. దాని పక్కన ఎన్ని చుక్కలున్నాయని స్తుతి అడిగితే, హేమ్లా నోటికొచ్చినట్టు రెండన్నాడు.  ఆయన వెళ్లబోతుంటే మెట్ల దగ్గర ఆపింది.

"అన్నా, నాలుగున్నయ్. నీకు నిజంగ రెండే కనబడ్డయా, అసల్కే కనబడలేదా?"

హేమ్లా మెట్టు మీద కూర్చున్నాడు. "మొదటిరోజు నుంచి ఏం కనబడలే మేడం. సిగ్గయి చెప్పలే" అని రైల్లో తెలిసిన సంగతి చెప్పాడు.

స్తుతి ఆయన్ని మళ్లీ పైకి తీసుకెళ్లింది. "ఇప్పుడు ఎడమ కన్నుతోని చూడు."

గురుడు గుండ్రంగా, మీద రెండు పట్టీలతో ఉన్నాడు. పక్కన నాలుగు చుక్కలు, దాని చందమామలు, ఒకే వరసలో ఉన్నాయి. హేమ్లా వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. రైలు టైమవుతోందని స్తుతి గుర్తుచేసేదాకా కదల్లేదు.

మర్నాడే స్తుతి ఆయన్ని మళ్లీ ఖమ్మం రప్పించి కంటి దవాఖానాకు తోలుకెళ్లింది. మంట వెలుగుకు కుడి కంటి నడిమి భాగం కాలిపోయిందనీ, అది ఇక రాదనీ, ఎడమది కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. చిన్న చిన్న అతుకులకు అద్దం అడ్డం పెట్టుకోకుండా ఇరవై ఏళ్లు పనిచేసిన ఫలితం అది.

జూన్ ఎనిమిదిన బడి మైదానంలో వందమంది దాకా చేరారు. సోని కూడా వచ్చి వరసలో నిలబడింది. పొద్దున మబ్బు పట్టి ఉన్నా పదకొండున్నరకు విడిపోయింది. హేమ్లా ఒక్కొక్కరి చేతికీ అద్దం ఇచ్చి, ఎట్లా పట్టుకోవాలో చూపిస్తున్నాడు.

ఎరువుల దుకాణం పగిడయ్య కొత్త ఇల్లు కడుతున్నాడు. దాని గ్రిల్లులన్నీ హేమ్లాకే ఇచ్చాడు. పగిడయ్య తన చలువద్దాలు పెట్టుకుని సూర్యుడి వైపు చూడబోయాడు.

"సేటూ, గట్ల చూడొద్దు. ఈ అద్దం పట్టుకో" అన్నాడు హేమ్లా.

"నాకున్నయ్ గదా నల్లద్దాలు."

"అవి పనికిరావు. కండ్లు కాల్తయ్."

పగిడయ్య నవ్వాడు. "నువ్వు రోజంతా మంట దిక్కు చూస్తనే ఉంటవ్. నీకేమైంది?"

వరసలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. ఒకామె చేతిలోని అద్దం దించేసింది.  హేమ్లా సోని వైపు చూశాడు. తర్వాత అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"నా కుడి కన్ను పోయింది సేటూ. గా మంటతోనే పోయిందని డాక్టరు చెప్పిండు. నొప్పి లేదు, ఏం లేదు. ఎన్నడు పోయిందో గూడ తెల్వలేదు. ఇప్పుడు నువ్వు ముంగట నిలబడ్డా, ఆ కన్నుకు నీ మొఖం కనబడదు."

 పగిడయ్య చలువద్దాలు తీసి జేబులో పెట్టుకుని చెయ్యి చాపాడు. అద్దం దించిన ఆమె మళ్లీ ఎత్తింది. వరస కదిలింది.

మూడు దాటాక జనం పలచబడ్డారు. అప్పుడు హేమ్లా కూడా ఎడమ కన్నుతో చూశాడు. ఆకుపచ్చ బిళ్లలాంటి సూర్యుడి అంచు దగ్గర, ఆవగింజంత నల్లచుక్క. ఆయన అద్దం సోనికిచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"దవాఖానాకు ఎప్పుడు పోయినవ్?" అని అడిగింది అద్దం దించకుండానే.

"పోయిన నెల."

"నాకు చెప్పొద్దా?"

"భయమైంది."

సోని అద్దం ఆయన చేతిలో పెట్టి ఇంటి దారి పట్టింది. ఆ రాత్రి తిండి కూడా సరిగ్గా తినలేదు.

వారం తిరక్కుండా పగిడయ్య మిగిలిన గ్రిల్లులు ఇల్లెందులో ఇంకొకరికి ఇచ్చేశాడు. ట్రాక్టర్ల వాళ్లు మాత్రం రావడం మానలేదు. సోని మధ్యాహ్నాలు షాపుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. హేమ్లా అద్దం లేకుండా అతుకు వెయ్యబోతే కరెంటు బందు చేసేది.

జూలై మొదటి ఆదివారం హేమ్లా చొక్కా తొడుక్కుంటుంటే ఆమె కూడా చీర మార్చుకుని వచ్చింది.

"ఎటు?" అన్నాడు హేమ్లా.

"ఖమ్మం. నేను గూడ సంఘంల పేరు రాయించుకుంట. జల్దీ నడువు, బండి పోతది."