బొటనవేలు కూడా మునగాలి

మీసం సరిగ్గా మొలవని కుర్రాణ్ణి పట్టుకుని పెద్దాయన అని పిలవడం మార్మన్ చర్చివాళ్ళకే చెల్లింది. దేవుడి మాట చెప్పి రమ్మని దేశం కాని దేశం పంపిన ఆ పిల్లల చొక్కాల మీద 'ఎల్డర్' అని బిళ్ళ పెట్టి మరీ పంపుతారు. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరు. వాళ్ళుండే ఇంట్లోనే కింది వాటాలో ఉండే బస్సు డ్రైవరు వాళ్ళకి సన్న ఎల్డరు, లావు ఎల్డరు అని పేర్లు పెట్టేశాడు. ఎవరు ఎవరో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మన కథ సన్న ఎల్డరుది. ఇంట్లో ఒక్కగానొక్క మగపిల్లాడు, మంచినీళ్ళు కూడా అమ్మ తెచ్చి చేతికివ్వాల్సిందే. అలాంటివాడు ఇక్కడికొచ్చి చొక్కాలు ఉతుక్కున్నాడు, అన్నం మాడ్చుకుని అదే తిన్నాడు. అక్క పెళ్ళి ఫోన్లో చూశాడు. జంటలో ఒకరినొకరు వదిలి ఎక్కడికీ వెళ్ళకూడదన్నది వాళ్ళ నియమం. అందుకని ఏడవడానికి చోటు లేక, స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాడు.

రెండేళ్ళుగా తలుపులు తడుతూనే ఉన్నాడు, చాలా తలుపులు మొహం మీదే మూసేశారు. డ్రైవరొక్కడే లోపలికి రమ్మన్నాడు, అదీ వాదించడానికి. వాదించీ వాదించీ ఆయనే మెత్తబడ్డాడు. టీ పడనిదే బస్సు కదిలించని మనిషి, వాళ్ళ చర్చిలో కూడదన్నారని టీ మానేశాడు, సిగరెట్టూ మానేశాడు. చివరికి ఒకరోజు, "సరే, బాప్తిస్మం తీసుకుంటాను. కానీ నన్ను ముంచేది సన్న ఎల్డరే" అన్నాడు. ఇంకొద్దిరోజుల్లో ఇంటికి వెళ్ళిపోవాల్సిన సన్న ఎల్డరుకి ఇన్నాళ్ళ తిరుగుడులో దక్కిన ఫలం అదొక్కటే. ఆ పూటంతా అతని కాలు నేల మీద నిలవలేదు.

చిక్కల్లా డ్రైవరు ఒళ్ళే. వాళ్ళ పద్ధతిలో మనిషిని తొట్టిలో వెనక్కి వాల్చి పూర్తిగా ముంచాలి. ఇద్దరు సాక్షులు పక్కన నిలబడి చూస్తారు. జుట్టు తేలినా, కాలి బొటనవేలు తేలినా మళ్ళీ మొదటికి రావాల్సిందే. డ్రైవరేమో తలుపులోంచి పక్కకి తిరిగి వచ్చే రకం.

ముంచేది ఆదివారం. అందుకని శనివారం మంచం పక్కన సాధన మొదలుపెట్టారు. డ్రైవరు స్థానంలో లావు ఎల్డరు నిలబడ్డాడు. సన్న ఎల్డరు ఒక చెయ్యి అతని వీపు కింద పెట్టి, రెండో చెయ్యి పైకెత్తి, చెప్పాల్సిన మాటలు చెప్పి మెల్లగా వాల్చాడు. సగం వాల్చేసరికి కాలికింద చాప జారింది. ఇద్దరూ కలిసి పడ్డారు. లావు ఎల్డరు నడుం మంచం పట్టెకి తగిలింది.

ఎముక విరగలేదు గానీ వారం రోజులు లేవకూడదన్నాడు డాక్టరు. స్నానాలగదికి వెళ్ళాలన్నా ఒకరు పట్టుకోవాలి.

ఆదివారం పొద్దున్నే పక్క ఊరి ఎల్డర్ల జంట సాయానికొచ్చింది. వాళ్ళలో ఒకడు రోగి దగ్గర ఉండేట్టు, ఇంకొకడు సన్న ఎల్డరుతో చర్చికి వెళ్ళేట్టు ఏర్పాటు. ముంచేటప్పుడు వేసుకునే తెల్లబట్టల సంచి భుజాన వేసుకుని బయల్దేరబోతూ సన్న ఎల్డరు మంచం పక్క చూశాడు. తెల్లవారగానే పెట్టిన నీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉంది.

"నీళ్ళు తాగలేదేం?"

"దాహం లేదు."

"రాత్రి వేసుకున్న మాత్రకి నోరెండిపోతుందిగా. దాహం లేకపోవడమేంటి?"

లావు ఎల్డరు తన దగ్గర ఉండబోయే కొత్తవాడి వైపు ఒకసారి చూసి, గోడకేసి మొహం తిప్పుకున్నాడు. సన్న ఎల్డరుకి అర్థమైంది. నీళ్ళు తాగితే లేవాలి. లేవాలంటే ముక్కూమొహం తెలియనివాడు పట్టుకోవాలి. నిన్నటినుంచి తను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే అమ్మ మంచం దిగనిచ్చేది కాదు, తనూ గడప దాటేది కాదు. ఆ రోజుల్లో ఆవిడ ఎక్కడికి వెళ్ళాల్సి ఉండి మానుకుందో అతను ఎప్పుడూ అడగలేదు.

సంచి తీసి పక్క ఊరివాడి చేతిలో పెట్టాడు. "మీరిద్దరూ వెళ్ళండి. డ్రైవరు బాబాయ్ బరువు మనిషి, వాలేటప్పుడు మోకాళ్ళు వంచమని చెప్పు. బొటనవేలు చూసుకో."

"పిచ్చా నీకు? వెళ్ళరా" అన్నాడు లావు ఎల్డరు.

"పడేసింది నేను. నోరుమూసుకుని నీళ్ళు తాగు."

వాళ్ళ అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడకుండా పోయేసరికి సన్న ఎల్డరుకి గుండె కలుక్కుమంది. లేదంటే అబద్ధం. రెండేళ్ళకీ కలిపి ఒక్కటే అడిగాడు దేవుణ్ణి. కిటికీ దగ్గర నిలబడి కాసేపు దేవుడితో పోట్లాడాడు కూడా. వెనక లావు ఎల్డరు గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగేసి, "ఇంకో గ్లాసు" అన్నాడు. ఆ గ్లాసు నింపుతూంటే కోపం ఎటు పోయిందో పోయింది.

మధ్యాహ్నం తలుపు తోసుకుని డ్రైవరు వచ్చాడు. జుట్టు ఇంకా ఆరలేదు, మెడలో టై వంకరగా ఉంది.

"రెండుసార్లు ముంచారు బాబూ. మొదటిసారి బొటనవేలు తేలిందట."

"నేనైతే మూడుసార్లు ముంచేవాణ్ణేమో బాబాయ్."

డ్రైవరు నవ్వి, కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు రాలేదని ముందు దిగనన్నాను. ఎందుకు రాలేదో ఆ కుర్రాడు చెప్పాడు. ఇన్నాళ్ళు నా సోఫాలో కూర్చుని ఎన్ని చెప్పావో గానీ, నాకు నమ్మకం కుదిరింది మాత్రం అక్కడే. అప్పుడు దిగాను."

మంచం మీద లావు ఎల్డరు ఇబ్బందిగా కదిలాడు. సన్న ఎల్డరు లేవబోతే డ్రైవరు అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా? ముందు తిను." చొక్కా చేతులు మడిచి, లావు ఎల్డరుని పసిపిల్లాణ్ణి లేపినట్టు లేపి స్నానాలగదికి తీసుకెళ్ళాడు. లావు ఎల్డరు సిగ్గుపడలేదు.

సన్న ఎల్డరు కంచం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో వరసగా చెప్పుకుంటూ పోయాడు. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు సోమవారం, ఇంటికి ఫోన్ చేసుకునే రోజు. డ్రైవరు సంగతంతా అమ్మకి చెప్పాక సన్న ఎల్డరు అడిగాడు. "అమ్మా, నాకు జ్వరాలొచ్చినప్పుడు నువ్వు ఎక్కడెక్కడికి వెళ్ళడం మానుకున్నావ్?"



"మా చెల్లి పెళ్ళికొకటి" అంది అమ్మ. "అయినా ఇప్పుడెందుకురా అవన్నీ? అన్నం తిన్నావా?"