తోక మీది బరువు

ఏకాంబరం గొలుసు కప్పీ కొక్కేన్ని బొటనవేలితో తడిమి, మూతి తిప్పి, మళ్లీ తడిమాడు. రాత్రికి రాత్రి కొక్కెం నోరు వెడల్పయిందేమోనని ప్రతి పొద్దునా ఆయనకు ఇదే అనుమానం. ముప్పయ్యారేళ్లుగా ఎత్తుడు పనే. చిత్తూరు గ్రానైటు రాళ్లు, పుత్తూరు షెడ్లలో లారీ ఇంజన్లు, బోరు మోటార్లు, ఒకసారి ఏర్పేడు దగ్గర చర్చి గంట. ఆయన గొలుసు కింద ఇంతవరకూ ఎవరి వేలూ నలగలేదు. తన గురించి చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే. అదీ అడిగితేనే చెప్పేవాడు, అడిగిన పాపాన పోయినవాళ్లు మాత్రం ఎవరు?

చూడ్డానికి మనిషిలో ఏమీ లేదు. పొట్టి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి వాలి ఉంటుంది. గ్రీజు నిండి గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, పెళ్లికి పోయినా సరే. రెండు నెలల కింద తిరుపతి డాక్టరు, గుండెలో ఒక నరం పూడిందనీ దమ్ము పట్టి బరువు లాగితే ఇక అంతే సంగతులనీ తేల్చి చెప్పాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య వరలక్ష్మమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"బరువు మీద సెయ్యి ఎయ్యబాక" అంది.

"నేను యాడ ఎత్తతానే? గొలుసు గదా ఎత్తేది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, భయం లేక కాదు.

వడమాలపేట దాటాక మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని షెడ్డులో రాజారత్నం సారు ఆరేళ్లుగా విమానం కడుతున్నాడు. పాలిటెక్నిక్‌లో పిల్లలకు లేతు పని నేర్పి రిటైరైన మనిషి. ఇద్దరు కూర్చునే చిన్న విమానం, రేకు రేకూ ఆయనే కోసి బిగించాడు. కొండకు టికెట్టు ఎంత సారూ అని ఊరివాళ్లు ఎగతాళి చేస్తారు. ఏకాంబరం మాత్రం ఎగతాళి చేయలేదు. మొదటిరోజు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎక్కడ పట్టుకోవాలి సారూ అని అడిగాడు. ఆ ప్రశ్నకే సారు పడిపోయాడు. లారీలాగా ఎక్కడపడితే అక్కడ కొక్కెం తగిలిస్తే ఈ రేకు నూనె డబ్బాలాగా నొక్కుకుపోతుంది. లోపల అడ్డబద్దలు ఉన్నచోట సారు సుద్దముక్కతో గీతలు గీశాడు. ఏకాంబరం ఆ గీతల కిందే చెక్క స్టాండ్లు పెట్టి, వాటి మీద పాత బొంతలు మడిచి వేశాడు.

ఆ రోజు పని చక్రాల కాళ్లు బిగించడం, తర్వాత రెక్క ఎక్కించడం. ఉన్నది ఒకటే కప్పీ. విమానం ఒళ్లు ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టాక, గొలుసు విప్పి రెక్క వైపు మార్చుకోవాలి. ముక్కున ఇంజను బరువు, వెనకంతా బోలు. వదిలితే ముక్కు కిందికి, తోక పైకి. అందుకని ఏకాంబరం రెండు యూరియా సంచుల్లో ఇసుక నింపి తోక మీద వేసి, ఆ తర్వాతే గొలుసు విప్పాడు. సంచులు ఎందుకు వేశాడో సారుకు తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ పని తెలిసినవాళ్ల మధ్యే పనిచేశాడు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

పదకొండింటికి సారు భార్య కోమలమ్మ, రెక్క ఎక్కేముందు ప్రార్థన చేయించాలని సంఘం వాళ్లను పిలుచుకొచ్చింది. పాస్టరు ఇమ్మానుయేలుతో కలిపి పన్నెండు మంది. సారు ముందువైపు వాళ్లకు ఇంజను చూపిస్తూ ఉంటే, ఏకాంబరం మాత్ర వేసుకుందామని బయట కొళాయి దగ్గరికి పోయాడు. తిరిగొచ్చేసరికి ప్రార్థన మొదలైపోయింది. అందరి కళ్లూ మూసి ఉన్నాయి. ఆశీర్వాదం అడిగే వస్తువు మీద చేతులుంచడం వాళ్ల పద్ధతి. రెక్కలు లేవు కాబట్టి అందరూ తోక చుట్టూ చేరి చేతులు ఆనించారు. ఇసుక సంచులేమో గోడ వారన ఉన్నాయి. దేవుడి ముందు యూరియా సంచులేమిటని ఆడవాళ్లు తీసేశారు. తీసేటప్పటికే మిగతావాళ్ల చేతులు నొక్కి ఉండబట్టి తోక లేవలేదు.

రాజారత్నం సారు ముక్కు కింద, ఇంజనుకు సరిగ్గా కింద, మోకాళ్ల మీద తల వంచుకుని ఉన్నాడు.

ఏకాంబరం గుమ్మంలోనే ఆగిపోయాడు. అరిస్తే అందరూ ఉలిక్కిపడి చేతులు తీసేస్తారు. తీస్తే అయిపోయినట్టే. సంచులు మోసుకొచ్చేలోగా ఆమెన్ అంటే? పిల్లిలా నడిచి, ఇద్దరు ఆడవాళ్ల మధ్య దూరి, తోక మీద బోర్లా పడి చేతులతో చుట్టేసుకున్నాడు. పక్కనున్న అలివేలమ్మ ఓరగా చూసి, వేరే మతం మనిషికి ఎంత భక్తి అని మురిసిపోయింది.

పాస్టరు గారి ప్రార్థన పొడుగు. విమానం కోసం అడిగాడు, వానల కోసం అడిగాడు, మామిడి పూత నిలవాలని అడిగాడు, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లను పేరుపేరునా తలచుకున్నాడు. ఏకాంబరం ఎడమ చెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. దవడలోకి నొప్పి పాకింది. కళ్లు మాత్రం సారు వంచిన మెడ మీదే ఉన్నాయి.

ఆమెన్ అన్నారు. చేతులన్నీ ఒక్కసారే లేచాయి. తోక జానెడు పైకి లేచింది, ఏకాంబరం కాలివేళ్లు మాత్రమే నేలను తాకుతున్నాయి. ఆయన వదల్లేదు.

"సారూ, ముక్కు కిందనించి ఇవతలికి రాండి. మెల్లిగా" అన్నాడు.

బయటికొచ్చి వెనక్కి చూశాక గానీ సారుకు అర్థం కాలేదు. ఇద్దరు మగవాళ్లు సంచులు తెచ్చి వేశారు. తాడు కోసం వెతుకుతుంటే ఏకాంబరం ఆగలేదు, నడుముకున్న తువ్వాలు విప్పి సంచుల్ని తోకకు తనే బిగించి కట్టాడు. ఆ ముడి ఇంకొకరిని వేయనివ్వలేదు. కోమలమ్మ చేతులు జోడించి ఏడ్చింది, తెలియక చేశామన్నా అంది.

"నీ తప్పు కాదమ్మా. సంచులెందుకో సెప్పాల్సినోణ్ణి నేను, సెప్పలేదు" అన్నాడు.

గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. నీళ్లు అడిగాడు. సారు గ్లాసుతో వచ్చేసరికి గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. నిద్రపోయాడేమోనని సారు రెండుసార్లు మెల్లగా పిలిచాడు.

నూట ఎనిమిది బండి వచ్చింది గానీ, చేయగలిగింది ఏమీ లేదు. వరలక్ష్మమ్మ ఆటోలో వచ్చింది. ఏడవలేదు. నేరుగా సారు ముందు నిలబడి అడిగింది.

"ఏం ఎత్తినాడు?"

సారు తోక వైపు చెయ్యి చూపించాడు.

"ఏమీ ఎత్తలేదమ్మా. లేవకుండా పట్టుకున్నాడు."

ఆమె తలూపింది, అర్థమైందో లేదో. సాయంత్రానికి అందరూ వెళ్లిపోయాక షెడ్డులో సారొక్కడే మిగిలాడు. తోక మీద సంచుల చుట్టూ ఆకుపచ్చ అంచు తువ్వాలు బిగించి ఉంది, ముడి దగ్గర చెమట తడి ఇంకా ఆరలేదు.