దూడ నాకిన చెయ్యి

పద్మకుమారి ఫినాయిల్ నీళ్ళలో గుడ్డ పిండుతుంటే ఏడో నెల కడుపు మోకాలికి తగిలింది. "ఏటమ్మా, ఆ మూల తుడిసినావా?" అని వాకిట్లోంచి అత్తగారు లక్ష్మణమ్మ అడిగింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక రోజూ ఇదే పని. పద్మకుమారి ఆ మూల మళ్ళీ తుడిచింది. కూతురు పింకీ పోయి పద్నాలుగు నెలలైంది. అయినా అక్కడి నుంచి ఉబ్బసపు పిల్లికూతలు వినిపిస్తూనే ఉంటాయి. ఊపిరాడక ఆరేళ్ళ పిల్ల గోడకు ఆనుకుని కూర్చున్న చోటు అది.

పుట్టింటి నుంచి వచ్చినప్పుడల్లా పద్మకుమారికి పెరట్లోనే స్నానం. "పేడకంపు కొడతన్నావు, లోపలికి రాకు" అనేది అత్తగారు. "టీచరమ్మా, మీ ఆవు కూడా బస్సెక్కీసినట్టుందే!" అని భర్త ధనరాజ్ నవ్వేవాడు. తనూ నవ్వేది. నవ్వగా నవ్వగా ఆ సిగ్గు ఆమె సొంతమైపోయింది. శ్రీకూర్మం పక్కనున్న పుట్టింట్లో, ఏడాది వయసప్పుడు పింకీ చేతిని దూడ నాకుతుంటే పిల్ల కిలకిలా నవ్వింది. పద్మకుమారి ఆ చేతిమీద ఒక్కటి వేసి, సబ్బుతో రెండుసార్లు కడిగింది. "దూడ నాకితే ఏటవుతాదే? నిన్నూ నాకింది, సచ్చిపోనావా?" అంది తల్లి అసిరమ్మ. ఆ తర్వాత పిల్లను అక్కడికి తీసుకెళ్ళలేదు. అమ్మ పంపిన రాగుల చోడిపిండి, పెరటి ఆకుకూరలు పనిమనిషికి పోయేవి. పింకీ డబ్బా పాలతో, బిస్కెట్లతో పెరిగింది.

"పశువుల మధ్య పుట్టి పెరిగి, ఇంటి తిండి తిన్న పిల్లల్లో ఉబ్బసం కొంత తక్కువమ్మా. అలాగని అక్కడ పెరిగితే రాదని చెప్పలేం" అన్నాడు పింకీని చూసిన డాక్టరు. ఆ రెండో మాట ఓదార్పు కావాలి. కాలేదు. మెట్లు దిగుతూ ధనరాజ్ అన్నాడు: "నువ్వు పేడలోనే కదా పెరిగినావు, పిల్లకి నీ బలం రానేదేటి?"

మొన్న అత్తగారు తేల్చేసింది: "ఈసారి పురుడు ఇక్కడే. ఆ పశువులసాలలోకి పంపేది నేదు."

పద్మకుమారి గుడ్డ ఆరేసి చేతులు తుడుచుకుంది. బడిలో సెలవు కాగితం ఉదయమే ఇచ్చేసింది. సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఎక్కడికి?"

"పురిటికి, అత్తమ్మా."

"ఆడు రానీ, అడుగుదాం. తిరిగొస్తే పెరట్లో తానం సేస్తేనే లోపలికి, తెలుసా?"

"తెలుసు. ఇప్పట్లో రాను."

బస్సు కదిలింది. ఆనాటి దూడ మొన్న మూడో ఈత ఈనిందని అమ్మ ఫోన్లో చెప్పింది. పద్మకుమారి కుడిచెయ్యి చూసుకుంది. సబ్బు పట్టుకున్న చెయ్యి అదే. దాన్ని కడుపు మీద ఆనించి, ఎవరికీ వినబడకుండా అంది: "నీ చెయ్యి కడగనులే."