గేర్‌బాక్స్ మూత కింది అట్ట

పొద్దున తొమ్మిదింటికి ఎల్బీనగర్ చౌరస్తా వెనక సందులో కనకరాజు షెడ్డు షట్టరు లేస్తుంది. పానాల పెట్టెకు ఒక అగరుబత్తి, తనకొక చాయ్, ఆ తర్వాతే పని. పాత కార్లు తప్ప ఇంకోటి ముట్టడు. మూత విప్పి కళ్ళతో చూడలేని బండి బండే కాదంటాడు.

ఆయన చెప్పే మూత గేర్‌బాక్స్ మీద ఉంటుంది. కాళ్ళ కింది మ్యాటు ఎత్తి, రేకు తీస్తే, అరచేయంత ఇనప మూత, దానికి ఎనిమిది బోల్టులు. నూనె కారకుండా మూత కింద ఒక అట్ట వేయాలి. మెకానిక్కులు దాన్ని ప్యాకింగ్ అంటారు. ఆ కాలం బండ్ల ప్యాకింగులు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు కాబట్టి కనకరాజే కోసుకుంటాడు. అట్టను మూత మీద పరిచి అంచుల వెంట చిన్న సుత్తితో టకటక కొడితే, మూత ఎంతుందో అంత ముక్క తెగి చేతిలోకి వస్తుంది.

ఆ అట్ట మీద ఏం రాసి ఉంటే బండి అటు పోతుంది. పెళ్ళిపత్రికతో కోస్తే ఫంక్షన్ హాలుకు, మిఠాయి డబ్బాతో కోస్తే మిఠాయి కొట్టుకు. బాలాపూర్‌లో ఒకాయన అంబాసిడర్‌కు ఎవరో వినాయక చవితి ఆహ్వానపత్రిక వేస్తే, అది ఏడాది పొడుగునా ఖాళీ మండపం చుట్టే తిరిగింది, పాపం ఆయన ఆఫీసుకు బస్సులో పోయాడు. అందుకే కనకరాజు దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల నుంచి కొత్త చొక్కాల్లో పెట్టే తెల్ల అట్టలు తెచ్చుకుంటాడు. వాటికి రెండు వైపులా ఏ రాతా ఉండదు, బండి యజమాని చెప్పినట్టు వింటుంది.

ఇంత జాగ్రత్త గల మనిషి కూడా ఒకసారి తప్పు చేశాడు. భయం చేయించింది.

ఒకనాడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కుతుంటే రొమ్ము మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. ఇంట్లో చెప్పకుండా దవాఖానకు పోయాడు. గుండెకు పోయే నాళం ఒకటి పూడుకుపోతోందని, వచ్చే నెల ఇరవై రెండో తారీకు మంగళవారం పదింటికి ఆపరేషన్‌కు వచ్చి చేరాలని, దవాఖాన పేరు అచ్చేసిన దళసరి అట్ట మీద ఆయన పేరుతో సహా రాసిచ్చారు. కనకరాజు గుండెల్లో రాయి పడింది. ఆయన అన్న కూడా ఇలాగే తన కాళ్ళ మీద నడుచుకుంటూ దవాఖాన లోపలికి పోయాడు, మళ్ళీ నడిచి బయటికి రాలేదు. పోకపోతే ఏమీ కాదేమో, పోతే మాత్రం చావు ఖాయమని కనకరాజు మనసులో ఒకటి నాటుకుపోయింది. అది తప్పని ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోలేదు.

ఇక ఆ అట్టను దాచడమే బతుకైపోయింది. భార్య స్వరూపరాణి ఉతికే ముందు జేబులు తిరగేస్తుంది. క్యాలెండర్ వెనక పెడితే క్యాలెండర్ దులుపుతుంది. చింపి పారేద్దామంటే చెయ్యి రాదు, ఎందుకంటే దళసరి అట్టను పారేయడం మెకానిక్కు పుట్టుకలోనే లేదు. రోజుకు పదిసార్లు తీసి తారీకు చదువుకుని మళ్ళీ దాచుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కుసుమకుమారి టీచరమ్మ మోరిస్ మూత విప్పి కూర్చున్నాడు. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడి, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ కారు వాళ్ళ నాన్నది. పాత ప్యాకింగ్ చినిగిపోయింది. చేతిలో దవాఖాన అట్ట ఉంది. సందు మొదట్లో టిఫిన్ డబ్బాతో స్వరూపరాణి కనబడింది. కనకరాజు ఇంకేం ఆలోచించలేదు. అట్టను మూత మీద పరిచి టకటక కొట్టేశాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి రాత వైపు పైకి, తెల్ల వైపు గేర్ల మీదికి పెట్టి, ఎనిమిది బోల్టులూ బిగించేశాడు. గేర్లకు కనబడేది తెలుపే కదా, బండికేం తెలుస్తుందనుకున్నాడు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

ముప్పై ఏళ్ళ అనుభవమున్న పనివాడు నూనె సంగతి మరిచిపోయాడు. మిర్చి బజ్జీలు కట్టిన కాగితంలో అవతలి అక్షరాలు ఇవతలికి కనబడవూ? గేర్ నూనె వారం రోజుల్లో అట్టకు అదే పని చేసింది.

సోమవారం, అంటే ఇరవై ఒకటో తారీకు, టీచరమ్మ మోరిస్ తీసుకుని వచ్చింది.

"మూడు రోజులుగా ఇదే వరస, కనకరాజు గారూ. కూరగాయలకని బయల్దేరతాను. స్టీరింగ్ ఎంత తిప్పినా వినదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ గుండె ఆస్పత్రి గేటు ముందుకెళ్ళి ఆగుతుంది. వాచ్‌మన్ నాకు నమస్కారం కూడా పెడుతున్నాడు. నాకే జబ్బూ లేదండీ. ఇంతకీ ఏం అట్ట వేశారు?"

"చొక్కా అట్టనే మేడం," అన్నాడు కనకరాజు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. డబ్బా విప్పుతున్న స్వరూపరాణి ఆ చేతిని చూసింది. గుండె దవాఖానేనా అని టీచరమ్మను మళ్ళీ ఒకసారి అడిగింది.

బండి వదిలిపెట్టి టీచరమ్మ ఆటోలో పోయింది. వెంటనే మూత విప్పి అట్ట తీసేద్దామంటే స్వరూపరాణి ఇంటికి పోదే. స్టూలు వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, షట్టరు దించేదాకా అక్కడే కూర్చుంది. రేపు పొద్దున్నే వచ్చి విప్పుతాను, దానితో ఈ పీడా పోతుంది, తారీకూ దాటిపోతుంది అనుకున్నాడు కనకరాజు.

మంగళవారం ఎనిమిదింటికే బడంగ్‌పేట్ ఇంటి నుంచి బయటపడ్డాడు. స్వరూపరాణి ఇంట్లో కనబడకపోతే పాలకు పోయిందనుకున్నాడు. షెడ్డుకొచ్చి చూస్తే షట్టరు అప్పటికే లేచి ఉంది, ఆమె మోరిస్ వెనక సీట్లో ఉంది. పక్కన సంచిలో లుంగీ, తువ్వాలు, ఫ్లాస్కు.

"ఎప్పుడు రమ్మన్నరు?" అంది.

ఇక దాచేదేముంది. "ఇయ్యాల్నే. పదింటికి."

"కూసో మరి. గేరెయ్యి."

"నాకు భయమైతుంది."

"నాకూ అయితుంది. నెలరోజులు ఒక్కనివే భయపడ్డవ్, నాకు గదే కోపం. ఆటోల తీస్కపోతే నడుమల దిగిపోతవ్. గిదైతే ఆగదు."

కనకరాజు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆఖరి సాకు ఒకటి దొరికింది. "పోతది సరే. వాపస్ ఎట్ల వస్తం? గీ అట్ట ఉన్నన్ని దినాలు ఇది దవాఖాన తోవ తప్ప పట్టదు."

స్వరూపరాణి సంచిలోంచి ఒక ప్యాకింగ్ తీసింది. తమ ఇంటి గృహప్రవేశం పత్రిక, ఇరవై ఏళ్ళుగా బీరువాలో దాచింది. చెత్త కుప్పలో చినిగిన పాత ప్యాకింగ్ వెతికి, దాన్ని ఆ పత్రిక మీద పెట్టి, ఆయన రాకముందే కత్తెరతో కత్తిరించి ఉంచింది. అంచులు కాస్త వంకర పోయినా ఎనిమిది బెజ్జాలూ సరిగ్గా ఉన్నాయి.

"కోసుడు వరకే నాకొచ్చు," అంది. "బిగించుడు రాదు. నువ్వే వచ్చి బిగియ్యాలె."

కనకరాజు వెనక్కి తిరిగి ఆమెను చూడలేకపోయాడు. గేరు వేశాడు. మోరిస్ చౌరస్తా దాటి, మెట్రో పిల్లర్ల పక్కనే చైతన్యపురి మీదుగా ఎక్కడా ఆగకుండా పోయింది. దవాఖాన గేటు దగ్గర వాచ్‌మన్ నమస్కారం పెట్టాడు. పదికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఇంకో వారం ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదని డాక్టర్లు తర్వాత స్వరూపరాణికి చెప్పారు. సంగతంతా విని, కారు అక్కడే ఉంచుకోండని టీచరమ్మ ఫోన్లోనే అంది.

తొమ్మిదో రోజు కనకరాజు తన కాళ్ళ మీద నడుచుకుంటూ బయటికొచ్చాడు. నడిపేందుకు టీచరమ్మ వచ్చింది. బరువు ఎత్తొద్దన్నారు గనుక స్వరూపరాణి మ్యాటు ఎత్తి, రేకు పక్కన పెట్టింది. ఆయన స్టూలు మీద కూర్చుని మూత విప్పాడు. నూనెలో నానిన దవాఖాన అట్ట మీద తన పేరు అటు నుంచీ ఇటు నుంచీ కనబడుతోంది. దాన్ని తీసి పక్కన పెట్టి, కొత్త ప్యాకింగ్ మీద కత్తెరకు చిక్కకుండా మిగిలిన అక్షరాలు చదువుకున్నాడు. సకుటుంబ సమేతంగా విచ్చేసి, అని ఉంది. రాత వైపు గేర్ల మీదికి పెట్టి, ఒక్కో బోల్టూ తన చేత్తోనే ఎనిమిదీ బిగించాడు.