ఇస్త్రీ నలగని ఆకలి

ఉచితంగా భోజనం పెట్టే చోట గరిట పట్టుకున్న మనిషికి దక్కే మర్యాద అంతా ఇంతా కాదు. గరిటక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. సంఘంవాళ్ళ పాత గోదాంలో మధ్యాహ్నం పూట లేనివాళ్ళకి రొట్టె, కూర పెడతారు. వండేదీ ఆవిడే, వడ్డించేదీ ఆవిడే. గరిట అడుక్కి దించితే ముక్కలొస్తాయి, పైపైన తిప్పితే నీళ్ళొస్తాయి. అందుకే వరసలో నిలబడ్డవాళ్ళు ఆవిడ మొహం చూసేవాళ్ళు కాదు, మణికట్టు చూసేవాళ్ళు. జీతం చెప్పుకోదగ్గది కాకపోయినా, మొగుడు పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

వంటపని చేసే మనిషైనా ఆవిడ ఏప్రన్ మాత్రం మల్లెపువ్వులా ఉండేది. మడత చూస్తే వేలు తెగేట్టుండేది. ఏమిటీ సోకు అని ఎవరైనా వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేది. అది ఆవిడ సోకు కాదు, తమ్ముడి చేతిపని. పక్క సందులో అతనిది ఇస్త్రీ కొట్టు. వారం వారం ఏప్రన్లు పట్టుకెళ్ళి, ఇంకా వేడి తగ్గకముందే తెచ్చిచ్చేవాడు. డబ్బులివ్వబోతే మొహం చిట్లించేవాడు.

"నీ దగ్గర కూడా తీసుకుంటే ఇక నేను తమ్ముణ్ణెందుకక్కా, షావుకారునే" అనేవాడు.

వాళ్ళ నాన్నదీ ఇస్త్రీ పనే. ఆయన మహా చాదస్తుడు. పిల్లలు నలిగిన బట్టతో గుమ్మం దాటితే వీపు విమానం మోత మోగించేవాడు. మన ఒంటి మీద బట్ట చూశాకే జనం వాళ్ళ బట్టలు మన చేతిలో పెడతారని ఆయన లెక్క. అక్క పెళ్ళై, వంటలోకి దిగి ఆ చాదస్తం వదిలించుకుంది. తమ్ముడు మాత్రం ఒంటబట్టించుకున్నాడు. రోజూ గిరాకీ బట్టలన్నీ అయ్యాక, పెట్టెలో మిగిలిన వేడితో తన చొక్కా, పెళ్ళాం బట్టలు, ఇద్దరు పిల్లల యూనిఫాంలు ఒత్తేసేవాడు. ఆ వేడి ఎలాగూ గాల్లో కలిసేదేగా.

ఇలా ఉండగా పెద్దవీధిలో అద్దాల లాండ్రీ ఒకటి వెలిసింది. ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ అన్నీ మిషన్లే. తమ్ముడి గిరాకీ సగానికి సగం అటు తిరిగింది. పోటీగా నిలబడదామని అతను అప్పు తెచ్చి, ఆవిరి పట్టే ఇస్త్రీ పెట్టె ఒకటీ, దానికి తగ్గ బల్ల ఒకటీ కొన్నాడు. పెట్టె బ్రహ్మాండంగా పనిచేసింది. దాని కిందకి బట్టలే రాలేదు. వడ్డీ మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చునేది.

అప్పు చేసినవాణ్ణి లోకం ఎలా చూస్తుందో వేరే చెప్పాలా. కొన్నప్పుడు "శభాష్, ధైర్యం ఉన్నవాడు" అన్న నోళ్ళే, వాయిదా తప్పగానే "ఎందుకొచ్చిన ఆశ, ఉన్నదాంతో సర్దుకోవద్దూ" అన్నాయి. సర్దుకోవడం గురించి కడుపు నిండినవాళ్ళు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.

ఒకనాడు వరసలో మరదలు కనబడింది. పిల్లలిద్దర్నీ చెరో పక్క నిలబెట్టుకుని, గిన్నె పట్టుకుని నిలబడింది. గరిటక్క చేతిలో గరిట ఒక్క క్షణం ఆగింది. పిల్లల కాలర్లు నిటారుగా ఉన్నాయి. మరదలి గౌను మీద ఒక్క ముడత లేదు. చిరుగులూ మరకలూ నిండిన ఆ వరసలో, పెళ్ళికొచ్చి దారి తప్పినవాళ్ళలా ఉన్నారు ముగ్గురూ.

వెనక నుంచి గుసగుసలు మొదలయ్యాయి. ఆకలి తెలిసినవాళ్ళే, ఆకలితో నిలబడ్డవాళ్ళే అన్నారు. "ఇస్త్రీ బట్టలు వేసుకొచ్చి మా నోటి దగ్గర కూడు లాక్కుంటారేం?" అని ఒకరు. "ఇంట్లో వండుకోడానికి బద్ధకం" అని ఇంకొకరు. మరదలు తల తిప్పలేదు. గరిటక్క గబగబా గిన్నె నింపి పంపేసింది. గరిట అడుక్కి దించడానికి మాత్రం చెయ్యి రాలేదు. అందరూ మణికట్టే చూస్తున్నారాయె.

ఆవిడ భయానికి కారణం ఉంది. ఆవిడకి ముందు అక్కడ వండినావిడ, చుట్టాలకి ఓ ముక్క ఎక్కువ పెట్టిందని ఎవరో సంఘానికి చేరేశారు. మర్నాడే సాగనంపారు. నీ చుట్టాలు ఇక్కడికి రాకూడదు సుమా అని ఈవిణ్ణి చేర్చుకున్నప్పుడే చెప్పారు. ఆవిడ సరేనంది. అప్పటికి తమ్ముడి కొట్టు కళకళలాడుతోంది మరి.

గిన్నెలు కడిగే చోట మరదలు ఒంటరిగా దొరికితే, గొంతు తగ్గించి చెప్పింది.

"రావద్దని నేననను. కానీ ఆ బట్టలేంటే? రేపట్నించి ఏదైనా నలిగింది వేసుకురా. పిల్లలకీ పాతవి తొడుగు. చూసేవాళ్ళ నోళ్ళు మూయించలేం కదా."

మరదలు గిన్నె తుడుస్తూనే ఉంది.

"నలిగినవి వేసుకుని వీధిలో నడిస్తే ఆయనకి బట్టలెవరిస్తారు వదినా? ఇస్త్రీవాడి పెళ్ళానికే ఇస్త్రీ లేదు, వీడేం చేస్తాడులే అనరూ? ఇప్పటికే నాలుగిళ్ళే మిగిలాయి."

"అయితే ఎలాగే?"

"అదే నాకూ తెలీడం లేదు. ఇలా వస్తే తిండి లేదు, అలా వస్తే పని లేదు" అని నవ్వింది మరదలు. నవ్వే మాట కాకపోయినా, వదిన బాధపడకూడదని నవ్వింది. గరిటక్క ఏం చెయ్యాలో తోచక గోదాంలోకి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి చందాలావిడ వచ్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర చందాలు పోగేసి ఈ వంటశాల నడిపించేది ఆవిడే. చెడ్డ మనిషి కాదు. పేదవాళ్ళంటే జాలే, కాకపోతే పేదవాళ్ళు ఆవిడ అనుకున్నట్టే ఉండాలి. వరస పొడవునా నడుచుకుంటూ వచ్చి మరదలి దగ్గర ఆగింది. పిల్లవాడి కాలర్ వేళ్ళతో పట్టి చూసింది, కొట్లో గుడ్డ బేరం చేస్తున్నట్టు.

"ఇంత శుభ్రంగా ఉన్నారు, వీళ్ళకి అవసరమేనా?" అని గరిటక్కని అడిగింది. "నీకు తెలిసినవాళ్ళా?"

గోదాం అంతా ఒక్కసారి చెవులు రిక్కించినట్టనిపించింది గరిటక్కకి. మా తమ్ముడి భార్య అనడానికి ఎంతసేపు పడుతుంది? రాత్రి పిండి డబ్బా తీసినప్పుడు అడుగు కనబడిన సంగతి గుర్తొచ్చింది. ముందు పనిచేసినావిడ మూట పట్టుకుని వెళ్ళిపోవడం గుర్తొచ్చింది.

"ఈ వీధిలో వాళ్ళేనండి. మొహం తెలుసంతే" అంది.

మరదలు కళ్ళెత్తి చూసింది. అందులో కోపం ఉన్నా బాగుండేది. తన గిన్నెని, అప్పటికే రొట్టె వేసిన గిన్నెని, బల్ల మీద మెల్లగా పెట్టింది. "ఎవరికైనా వెయ్యండమ్మా" అని పిల్లల చేతులు పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్లది మాత్రం గుమ్మం దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, అత్త వైపు కాదు, రొట్టె వైపు.

"చూశావా, నిజంగా ఆకలి ఉంటే వదిలి వెళ్తారా?" అంది చందాలావిడ. లోకానికి సాక్ష్యాలు ఇంత తేలిగ్గా దొరుకుతాయి.

ఆ సాయంత్రం గరిటక్క తన వాటా రొట్టెలు గుడ్డలో చుట్టుకుని తమ్ముడి కొట్టుకి వెళ్ళింది. తమ్ముడు బల్ల మీద దుప్పటి సరిచేస్తున్నాడు. మరదలు లోపల ఉంది, బయటికి రాలేదు. అతను ఎప్పటిలాగే స్టూలు తుడిచి వేశాడు, మంచినీళ్ళిచ్చాడు.

"తిన్నామక్కా. ఇవి నువ్వు ఉంచుకో" అన్నాడు.

"ఒరే, ఇవాళ అక్కడ..."

"ఎందుకులే అక్కా. నీ ఉద్యోగం నీకు ముఖ్యం కాదూ. ఏప్రన్లు రేపు తెస్తాను."

తిట్టి ఉంటే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకునేది. పోట్లాడి ఉంటే తనూ రెండు మాటలనేసి, ఏడ్చి, రొట్టెలు అక్కడే పడేసి వచ్చేది. ఇంత మర్యాదగా మాట్లాడేసరికి ఏం చెయ్యాలో తెలియక మూట చంకన పెట్టుకుని లేచింది. మర్నాడు అన్నట్టే ఏప్రన్లు వచ్చాయి, వేడిగా. పెట్టె వేడెక్కుతోందంటే కొట్టు నడుస్తున్నట్టేగా అని మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ వారం, పై వారం కూడా అలాగే సర్దిచెప్పుకుంది. మనసు కూడా, ఒప్పుకోవాలనుకున్నప్పుడు ఎంత చిన్న మాటకైనా ఒప్పుకుంటుంది.

కొట్టు నడవడం లేదని ఆవిడకి చెప్పింది మందుల షాపాయన. ఏళ్ళ తరబడి ఇస్త్రీకి చొక్కాలు తమ్ముడికే వేసినవాడు, ఆ రోజు చంకలో అద్దాల లాండ్రీ సంచీతో కనబడ్డాడు. వాళ్ళు అక్కాతమ్ముళ్ళని ఆయనకి తెలియదు కనక, అడిగితే సంకోచం లేకుండా చెప్పాడు.

"వాళ్ళావిడ మీ గోదాం దగ్గర వరసలో కనిపించిందమ్మా. తిండికి లేనివాడి చేతిలో మంచి చొక్కాలు ఎలా పెడతాం? ఏ అవసరానికో అమ్ముకుంటే? పాపం మంచివాడే, కాదనను."

తమ్ముడు ఏనాడూ ఒక్క గుడ్డపీలిక కూడా పోగొట్టలేదు. ఆ మాట అందామనుకుంది గరిటక్క. నీకెలా తెలుసు, నీకేమవుతాడు అంటాడేమోనని ఆగిపోయింది. ఒకసారి మొహం తెలుసంతే అన్నాక, ఆ మాట మనిషిని ఎక్కడికక్కడ అడ్డుకుంటుంది.

ఆ వారం ఏప్రన్లు గుమ్మం ముందు కాగితంలో చుట్టి ఉన్నాయి. తమ్ముడు తలుపు తట్టలేదు. తడిమి చూస్తే చల్లగా ఉన్నాయి. తర్వాత వారం అతను మాసినవి తీసుకెళ్ళడానికి రాలేదు. ఆవిడ వెళ్ళి చూస్తే కొట్టుకి తాళం. ఇంట్లో ఉన్నారన్నారు పక్కవాళ్ళు. ఆ ఇంటి తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, ఏమని పిలవాలో తెలియక దించేసింది. ఆరోజు ఆ తలుపు కొట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆవిడకే తెలియాలి.

మళ్ళీ చందాలావిడ వచ్చే రోజు వచ్చింది. ఈసారి వెంట చందాలిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. గరిటక్క దాచుకున్న ఆఖరి ఏప్రన్ తీసి కట్టుకుంది. తమ్ముడి మడత చెక్కుచెదరలేదు. కూర వడ్డిస్తూ, వడ్డిస్తూ తలెత్తేసరికి ఎదురుగా తమ్ముడు.

అతని ఒంటి మీద చొక్కా నలిగి ఉంది.

అతణ్ణి పుట్టినప్పట్నించీ ఎరిగిన మనిషి ఆవిడ. జ్వరంలో చూసింది, నాన్న పోయిన రోజు చూసింది. నలిగిన చొక్కాలో ఎప్పుడూ చూడలేదు. కాలర్ ఒక పక్కకి వాలిపోయి, జేబు దగ్గర ముడతలు ముడతలుగా, ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టున్నాడు. గిన్నె ముందుకు చాపాడు. రెండో చేత్తో, అలవాటు కొద్దీ, చొక్కా అంచు కిందకి లాగి సాపు చేస్తున్నాడు. అది సాపవడం లేదు.

వరసలో ఎవరూ గుసగుసలాడలేదు. వెనకనున్న ముసలాయన "పాపం" అని పక్కకి జరిగాడు కూడా. చందాలావిడ మొహం జాలితో నిండిపోయింది.

"అవసరం అంటే ఇదీ" అంది, వెంట వచ్చినవాళ్ళకి చూపిస్తూ. "ఇతనికి నిండుగా వెయ్యమ్మా. ఇంట్లోవాళ్ళకీ ఇచ్చి పంపించు. నీకు తెలుసా ఇతను?"

ఈసారి గరిటక్కకి పిండి డబ్బా గుర్తు రాలేదు.

"మా తమ్ముడండి" అంది. అన్నాననుకుంది గాని, మాట సగం గొంతులోనే ఉండిపోయింది.

"ఏమిటీ?" అని చెవి ఇటు పెట్టింది చందాలావిడ.

అక్కకంటే ముందు తమ్ముడే జవాబిచ్చాడు. "ఈ వీధిలో వాళ్ళమేనండి" అన్నాడు, కిందకి చూస్తూ. "మొహం తెలుసంతే."

ఎగతాళిగా అనలేదు. చిన్నప్పుడు అక్క చేసిన తప్పు తన మీద వేసుకుని నాన్న ముందు నిలబడేవాడే, అలాగే అన్నాడు. చందాలావిడ తలూపి ముందుకి నడిచింది. ఆవిణ్ణి వెనక్కి పిలిచి, ఇంకొక్కసారి, గట్టిగా చెప్పడానికి గరిటక్కకి కావలసినంత వ్యవధి ఉంది. ఆవిడ చెప్పలేదు.

గరిట మాత్రం అడుగు దాకా దించింది. ముక్కలన్నీ ఏరి గిన్నెలో వేసింది, మళ్ళీ వేసింది. గిన్నె నిండిపోయి కూర చుక్కలు బల్ల మీద పడుతున్నాయి. తమ్ముడు ఆ చుక్కలకేసి చూశాడు, ఆవిడ నడుం దగ్గర పదునుగా నిలబడ్డ మడతకేసి చూశాడు.

"ఏప్రన్ మీద పడనివ్వకక్కా" అన్నాడు, ఇంకెవరికీ వినబడకుండా. "మళ్ళీ చేసివ్వడానికి పెట్టె లేదు. అమ్మేశాను."

గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, పక్కకి తప్పుకున్నాడు. వెనకనున్న ముసలాయన తన గిన్నె ముందుకి చాపాడు.