పదమూడో వేలిముద్ర

ఎవరికి కావలసిన సబ్జెక్టు వాళ్లే ఎంచుకోవచ్చని కొత్త పద్ధతి వచ్చినప్పుడు మా గోహంగ్ హైస్కూల్లో అందరం ఎగిరి గంతేశాం. నేను వంట ఎంచుకున్నాను. అమ్మకు బజార్లో త్తొక్‌బొక్కి కొట్టుంది, బియ్యప్పిండి ముక్కల్ని ఎర్రటి కారం పులుసులో ఉడికించి అమ్ముతుంది. నాకు గరిటె తిప్పడం తప్ప ఇంకోటి రాదు. ఇంక ఆలోచించడానికేముంది?

గడువు రేపనగా హాన్‌బ్యోల్ వచ్చి నా పక్కన కూలబడింది. చిన్నప్పటి నుంచీ నా నేస్తం. ఓడలు కట్టే ఇంజనీరు కావాలని దాని పట్టుదల. అందుకు ఫిజిక్సులో మొదటి గ్రేడు రావాలి.

"ఫిజిక్సుకి పన్నెండు మందిమే తేలామే, దల్లే."

"అయితే?"

"మొదటి గ్రేడు నూటికి నలుగురికే. పన్నెండు మందికి లెక్కేస్తే అర మనిషి కూడా తేలడు. పదమూడైతే అర దాటుతుంది, అప్పుడు ఒకరికిస్తారు. నువ్వొచ్చి కూర్చుంటే చాలు."

"కూర్చుని?"

"ఆఖర్న ఉండు."

నాకు ఒళ్లు మండింది. ఎంత నేస్తమైతే మాత్రం మొహం మీదే అలా అనేస్తారా? అయినా దాని మొహం చూస్తే కాదనలేకపోయాను. వంట కొట్టేసి ఫిజిక్సు అని రాశాను.

ఆ పన్నెండు మందిలో ఉచాన్ అని ఒకడున్నాడు, నోటి దురద మనిషి. వాడు ఏకంగా ఒప్పందం రాశాడు: దల్లే ఆఖరి స్థానం వదలరాదు, మాట తప్పితే పన్నెండు మందికీ త్తొక్‌బొక్కి పెట్టాలి. నా బొటనవేలు ఎర్ర సిరాలో అద్ది ముద్ర కూడా వేయించాడు.

"నువ్వు మా నేలవి. నీ మీద మేం మేడ కట్టుకుంటాం" అన్నాడు.

ఫిజిక్సు చెప్పే బోంగ్ మాస్టారికి ఇదంతా తెలియదో, తెలిసీ ఊరుకున్నారో. మొదటి రోజే నన్ను లేపారు.

"మీ అమ్మగారు మూత పెడితే త్తొక్‌బొక్కి ఎందుకు తొందరగా ఉడుకుతుంది?"

"ఉడక్కపోతే తిడుతుంది కాబట్టి సార్."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇవాళ మూత దగ్గర నిలబడి, ఆవిరి ఏం చేస్తోందో చూసిరా" అన్నారు.

చూశాను. చూస్తూ ఉండిపోతే అడుగంటింది, అమ్మతో చీవాట్లు తిన్నాను. మర్నాడు చూసింది చెబితే ఆయన ఇంకో ప్రశ్న వేశారు. అలా రోజుకొకటి. నిజం చెప్పొద్దూ, ఆ గంట కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

పరీక్షలయ్యాయి, మార్కుల చీటీలిచ్చారు. హాన్‌బ్యోల్‌కు మొదటి గ్రేడు. నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. తర్వాత నా చీటీ చూసి నోరు తెరిచింది. పదమూడు మందిలో తొమ్మిదో స్థానం. ఉచాన్ తన చీటీ జేబులో కుక్కుకుంటుంటే హాన్‌బ్యోల్ లాగేసింది. పదమూడు.

"అదంతా తర్వాత, ఒప్పందం ఒప్పందమే" అంటూ వాడు కాగితం తీశాడు.

పన్నెండు మందినీ కొట్టుకు తీసుకెళ్లాను.

"ఏంటే ఈ దండు?" అంది అమ్మ.

"మాట తప్పానమ్మా. అందరికీ పెట్టాలి."

అమ్మ ఆ కాగితం చదివింది. నా చీటీ రెండుసార్లు చూసింది. పొయ్యి వైపు తిరిగి, ప్రతి పళ్లెంలో ఒక ఉడికిన గుడ్డు వేసింది. ఉచాన్‌కు నేనే రెండు వేశాను.

"తిను నాయనా, నేల గట్టిగా ఉండాలి" అన్నాను.

ఆ ఒప్పందం ఇప్పటికీ కొట్టు గోడ మీద, ఎప్పుడో వచ్చి తిని వెళ్లిన సినిమా నటుల సంతకాల మధ్య ఉంది. ఆ ఎర్ర వేలిముద్ర ఎవరిదని ఎవరైనా అడిగితే అమ్మ గరిటె ఆపి మరీ చెబుతుంది.

"మా అమ్మాయిది. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు."