ఇంగ్లీషు గదిలో వాన

ట్యునీషియా సముద్రతీరాన సూస్ పట్నంలో మబ్రూకా ఇంట పొద్దున్నే హరీసా నూరే చప్పుడు వినిపిస్తుంది. ఎండుమిరప, వెల్లుల్లి రోట్లో వేసి, ఆ ఘాటుకు తుమ్ముతూనే కూతుర్ని తిట్టడం ఆమెకు అలవాటు.

"లేవవే విమానాల మహారాణీ! కాఫీ చల్లారిపోతోంది."

కూతురు ఇబ్తిహాల్ ఉన్నచోట ఎవరు నిజం కాని మాట అన్నా పైకప్పు నుంచి నీళ్లు కారతాయి. అన్నవాడికి అది అబద్ధమని తెలిసినా, తెలియకపోయినా సరే. ఆమెను చూడవచ్చిన పెళ్లికొడుకు ఒకడు "మా నాన్న గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాడు. వాడి చొక్కా తడిసింది. నెల తిరక్కుండానే ఆ పెద్దాయన పోయాడు. ఇల్లు కొనేవాళ్లు బేరం దగ్గర ఈ పిల్లను కూర్చోబెట్టుకుంటారు, బకెట్టు వాళ్లే తెచ్చుకుంటారు. రేపటి సంగతికి మాత్రం "ఇన్‌షా అల్లా" తగిలిస్తే చాలు, చుక్క రాలదు. రేపు తన చేతిలో లేదని ఒప్పుకున్నవాడు అబద్ధమాడినట్టు కాదు కదా!

ఇబ్తిహాల్‌కు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే ఇంకొకరికి పోతుంది. ఆమెకేమో చిన్నప్పటి నుంచీ విమానాల పిచ్చి. గల్ఫ్ విమాన సంస్థ ఒకటి ఊళ్లో ఎయిర్ హోస్టెస్ పనికి అమ్మాయిలను ఎంపిక చేస్తోందని విన్నప్పటి నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

"సర్కారు కొలువే! చచ్చేదాకా ఎవడూ పీకడు" అంటూ మబ్రూకా పైకి చూసి, "ఇన్‌షా అల్లా" అని చేర్చింది.

"తపాలా బిళ్లలు అంటిస్తూ ముసలిదాన్నయిపోనా?"

"ఆకాశంలోకెళ్లి నువ్వు ఎత్తేది మాత్రం ఎంగిలి ప్లేట్లు కాదూ?"

శనివారం సముద్రం పక్క హోటల్లో ఎంపికలు జరిగాయి. ఎంపిక చేసే మేడమ్ దూజాది కూడా సూస్ ఊరే. చేపల బజారు వెనక పుట్టి, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎగిరి, ఇప్పుడు కుర్చీలో కూర్చుంది. తన ముందు ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడకూడదని ఆమె ఆజ్ఞ. ఒకమ్మాయి తుమ్మి, అలవాటుగా అరబ్బీలో "అల్‌హమ్దులిల్లా" అంది. దూజా తలుపు చూపించింది.

ఇబ్తిహాల్ వంతు వచ్చింది. ముసలి వెయిటరు అడక్కుండానే ఆమె కుర్చీ పక్కన బకెట్టు పెట్టి వెళ్లాడు. ఈ నీళ్ల పిల్ల కబుర్లు దూజా చెవిన పడ్డాయి కానీ ఆమె నమ్మలేదు, బకెట్టును పట్టించుకోలేదు.

"నీ ఇంగ్లీషుకు ఫ్రెంచి జలుబు పట్టినట్టుంది. నువ్వు ప్రమాదం అని అరిస్తే ప్రయాణికులు భోజనం వచ్చిందనుకుంటారు."

"నేర్చుకుంటున్నాను మేడమ్."

"మూడేళ్ల ఒప్పందం. లావెక్కితే పంపేస్తాం. మాకు నచ్చకపోతే నెల నోటీసుతో పంపేస్తాం. ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటావా?"

"ఉంటాను, ఇన్‌షా అల్లా."

నోరు జారిపోయింది. పుట్టినప్పటి నుంచీ నాలుకకు అంటుకున్న మాట, ఒక్క పూటలో ఊడొస్తుందా?

"చేపల బజారు నోళ్లు!" అంది దూజా. "చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఫో, మీ అమ్మ పక్కన కూర్చుని మిరపకాయలు నూరుకో."

ఇబ్తిహాల్‌కు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మీరూ నెల నోటీసు మీదే ఉన్నారా మేడమ్?"

"నేనా? నన్ను కదిపే మొనగాడు అక్కడ లేడు. రిటైరయ్యేదాకా ఈ కుర్చీ నాదే."

ఇన్‌షా అల్లా అనలేదు. ఎలా అంటుంది, తను పెట్టిన ఆజ్ఞే కదా!

ఈసారి రాలింది చుక్క కాదు. ధారగా దూజా నెత్తిన పడింది. జుట్టు ముడి వీడింది, కాటుక చెంపల మీదికి కారింది. ఆమె పైకి చూసింది. తర్వాత అచ్చమైన సూస్ యాసలో అడిగింది.

"ఎప్పుడే? ఎప్పుడు తీసేస్తారే నన్ను?"

"నాకేం తెలుసు? నీళ్లు అంతవరకే చెబుతాయి."

దూజా ఒప్పందం ముందుకు తోసింది. "నిన్ను తీసుకున్నా. నీలాంటిది నా పక్కనుండాలి. సంతకం పెట్టు."

ఇబ్తిహాల్ కలం పట్టుకుంది. ఎన్నేళ్లుగానో కోరుకున్న క్షణం అది. తడిసి ముద్దయిన ఆ మనిషిని మరోసారి చూసి కలం కింద పెట్టేసింది.

"నీ కుర్చీకే దిక్కు లేదు. నా కొలువుకు భరోసా ఎవరిస్తారు?"

దారి పొడుగునా కోపంతో ఏడుస్తూ ఇంటికి నడిచింది. సోమవారం పోస్టాఫీసులో చేరింది.

ఎండాకాలం పోకముందే దూజా ఆ కౌంటర్ ముందుకొచ్చింది. వయసైపోయిందని సాగనంపారట. వేరే సంస్థలకు పెట్టుకున్న దరఖాస్తుల కవర్లు కిటికీలోంచి లోపలికి జరిపి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. నా మీద కోపం లేదు కదా, చెల్లీ?"

"లేదక్కా."

పైనుంచి ఒక చుక్క రాలి మొదటి కవరు మీద పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఇబ్తిహాల్ ఆ తడి మీదే ముద్ర కొట్టి, "తర్వాతెవరు?" అని కేకేసింది.